యాభై ఆరు బైట్లు దాటాక

ఎస్‌క్యూలైట్ డేటాబేస్ అంటే మామూలుగా ఒకే ఒక ఫైల్. దాన్ని బైటు బైటుగా చూపించే ప్రోగ్రాంలో తెరిస్తే మొదట కనబడేది దాని పేరే. 16 బైట్లలో ఇంగ్లిష్‌లో ‘ఎస్‌క్యూలైట్ ఫార్మాట్ 3’ అని, చివర ఒక సున్నా. ఇలా మొదలయ్యే 100 బైట్ల ముందుమాటలో, 56 బైట్లు దాటాక వచ్చే నాలుగు బైట్ల దగ్గర నేను చాలాసార్లు ఆగిపోయాను. అక్కడ ఉండేది ఒకటో, రెండో, మూడో. ఒకటైతే ఫైల్లోని మాటలన్నీ యూటీఎఫ్-8 అనే పద్ధతిలో బైట్లుగా మారి ఉన్నట్టు. రెండైతే యూటీఎఫ్-16, చిన్న బైటు ముందు. మూడైతే అదే, పెద్ద బైటు ముందు. మొదటి టేబుల్ పుట్టకముందే ఈ అంకె తేలిపోవాలి, శంకుస్థాపన నాడే సింహద్వారం ఏ దిక్కుకో తేల్చుకున్నట్టు. ఆ తర్వాత ఆ ఫైల్లో దాన్ని మార్చే వీల్లేదు. 2050 దాకా ఈ పనిని కనిపెట్టుకుని ఉంటామని తయారీదారులు చెబుతున్నారు కాబట్టి ఈ ఎంపిక తొందరలో చేసేది కాదు.

రిచర్డ్ హిప్ ఎస్‌క్యూలైట్‌ను 2000లో మొదలుపెట్టారు. అప్పట్లో ఆయన అమెరికా నౌకాదళపు యుద్ధనౌక కోసం ఒక ప్రోగ్రాం మీద పనిచేస్తున్నారు. ఆ ప్రోగ్రాం వెనకాల పెద్ద డేటాబేస్ సర్వర్ ఉండేది, అది పడిపోతే ప్రోగ్రాం చేతులెత్తేసేది. మధ్యలో సర్వర్ లేకుండా డిస్కు మీది ఫైల్‌నే నేరుగా చదువుకోకూడదా అన్న ఆలోచనలోంచి ఇది పుట్టింది. ఇవాళ ఆండ్రాయిడ్ ఫోన్లో మనం తెలుగులో రాసి పెట్టుకున్న పిన్ని పేరు, నంబరు ఉండేది ఇందులోనే.

యూటీఎఫ్-16 వచ్చి చేరింది 2004లో, మూడో వెర్షన్‌తో. తెలుగువాళ్లకు అదే లాభమని మొదట అనిపిస్తుంది. యూటీఎఫ్-8లో ‘అ’ మూడు బైట్లు: 224, 176, 133. తెలుగు గుర్తు ఏదైనా సరే మొదటి బైటు 224, రెండోది 176 గానీ 177 గానీ. ‘తెలుగు’ అన్న మాటలో హల్లులు మూడు, గుణింతపు గుర్తులు మూడు. యూటీఎఫ్-8లో 18 బైట్లు, యూటీఎఫ్-16లో 12. మూడోవంతు మిగులు! అయితే ఏ ఫైల్లోనూ ఉత్త తెలుగే ఉండదు. ఖాళీలు, చుక్కలు, మాటల రూపంలో దాచిన తేదీలు, ఇంగ్లిష్ పేర్లు, చివరికి టేబుల్‌ను సృష్టించిన ఆదేశం కూడా ఫైల్లో పాఠంగానే ఉంటాయి. యూటీఎఫ్-16లో వాటి బరువు రెట్టింపవుతుంది. పైగా మనం యూటీఎఫ్-16లో ఆదేశం ఇచ్చినా, దాన్ని విడగొట్టి అర్థం చేసుకునే భాగం ముందు యూటీఎఫ్-8లోకి మార్చుకునే చదువుతుంది.

ఈ పనితనంలో నాకు అన్నిటికన్నా ముచ్చటైనది మాటల పొడవు రాసుకునే తీరు. ప్రతి వరసకూ ముందు చిన్న పట్టీ ఉంటుంది, అందులో ఒక్కో గడికి ఒక్కో సంఖ్య. ఆ సంఖ్య 13 గానీ అంతకు మించిన బేసి సంఖ్య గానీ అయితే లోపలున్నది పాఠం. అందులోంచి 13 తీసేసి సగం చేస్తే దాని పొడవు. ‘తెలుగు’కి 49. 49లోంచి 13 పోతే 36, అందులో సగం 18 బైట్లు. ఇది ఏ రకం సరుకు, ఎంత సరుకు అన్న రెండు ప్రశ్నలకూ ఒకే సంఖ్య జవాబు. 127 దాకా ఆ సంఖ్య ఒక్క బైటులోనే ఇమిడిపోతుంది. అంటే 57 బైట్ల పాఠం, 19 తెలుగు గుర్తులు. మన ఇళ్లలో చాలామంది పేర్లు ఆ ఒక్క బైటు వెనక హాయిగా సరిపోతాయి.

వరస పెట్టమంటే ఎస్‌క్యూలైట్ మామూలుగా చేసేది బైట్లను మొదటి నుంచి ఒక్కొక్కటిగా పోల్చడమే. యూటీఎఫ్-8 గొప్ప అక్కడ తెలుస్తుంది. 1992లో న్యూజెర్సీలోని ఒక హోటల్లో, పళ్లెం కింద పరిచే కాగితం మీద కెన్ థాంప్సన్ దాన్ని రూపుకట్టారు, పక్కన రాబ్ పైక్ ఉన్నారు. అందులో బైట్ల వరస, యూనికోడ్ ఒక్కో గుర్తుకీ ఇచ్చిన సంఖ్యల వరస ఒకటే. చిన్న బైటు ముందు పెట్టే యూటీఎఫ్-16లో అలా కాదు. ‘హ’ సంఖ్య 3129, రెండు బైట్లలో 57, 12. ఇంగ్లిష్ అంకె 9 అక్కడ 57, 0. అందువల్ల 9తో మొదలయ్యే పేరు స-కీ హ-కీ మధ్యలో వచ్చి కూర్చుంటుంది. సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలన్నీ ఇలాగే ర నుంచి హ దాకా ఉన్న అక్షరాల మధ్య దూరిపోతాయి. నేనైతే తెలుగుకి కూడా యూటీఎఫ్-8నే ఎంచుకుంటాను.

అయినా అంతా కుదిరిపోదు. యూనికోడ్‌లో ళ, వ కన్నా ముందుంది. బళ్లో దిద్దిన వర్ణమాలలో హ తర్వాత. దాంతో ‘కవి’ కన్నా ‘కళ’ ముందొస్తుంది. మన వరసను మనమే రాసి అప్పగిస్తే ఎస్‌క్యూలైట్ దాన్నే పాటిస్తుంది, ఆ తలుపు తెరిచే ఉంచారు. పొడవు అడిగితే ‘తెలుగు’కీ 6 అంటుంది, ‘స్త్రీ’కీ 6 అంటుంది. అది లెక్కపెట్టేది గుర్తుల్ని, మన కంటికి కనబడే అక్షరాల్ని కాదు.

ఇంకా జాగ్రత్త పడవలసింది వెతుకులాటలో. పాఠంలో మాటలు వెతికే ఎఫ్‌టీఎస్5 విభాగం అలవాటుగా అక్షరాలనూ అంకెలనూ మాత్రమే మాటలో భాగంగా లెక్కిస్తుంది. గుణింతపు గుర్తులు యూనికోడ్‌లో వేరే తరగతి. అవి దానికి ఖాళీ జాగాలతో సమానం. అందుకని ‘పులి’ దానికి ప, ల. ‘పాలు’ కూడా ప, ల. పులి అని వెతికితే పాలు, పూలు అన్నీ వచ్చేస్తాయి. సూచిక కట్టేటప్పుడే ఆ గుర్తుల తరగతులను కూడా మాటలో కలుపుకోమని ఒక్క వాక్యం చేర్చాలి. అప్పుడు ‘పులి’ అని అడిగితే ‘పులి’ ఉన్న వరసలే వస్తాయి.