కొత్త వల మీరిస్తారేటి?

మొన్న ఒక అమ్మాయి ఫోన్ చేసింది. ఎమ్మెస్సీ జువాలజీ చదివింది. వన్యప్రాణుల కోసం పనిచేసే ఒక సంస్థలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టబోతే, ప్రకటనలో ‘మంచి కమ్యూనికేషన్ స్కిల్స్ తప్పనిసరి’ అని ఉందట. ‘స్పోకెన్ ఇంగ్లీష్‌లో చేరమంటారా సార్?’ అని అడిగింది. నవ్వొచ్చింది. ఆ వయసులో నేనూ అలాగే అనుకున్నానని గుర్తొచ్చి ఊరుకున్నాను.

నా మొదటి ఉపన్యాసం శ్రీకాకుళం తీరంలో ఒక రామమందిరం అరుగు మీద. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే రోజులు. ప్రొజెక్టరు పెట్టి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, మొదటి షెడ్యూలు, సముద్ర జీవావరణం అంటూ అరగంట దంచాను. తాబేలుకి ఉండేవి ఊపిరితిత్తులనీ, వలలో ఇరుక్కుంటే గాలి అందక చచ్చిపోతుందనీ, వల కోసి వదిలెయ్యాలనీ చెప్పాను. ఒక పెద్దాయన బీడీ ఆర్పి లేచాడు. ‘అది తల పైకెట్టి గాలి పీల్చుకోడం మేం రోజూ సూస్తాం బాబూ. వల కోసీమన్నారు, బాగుంది. కొత్త వల మీరిస్తారేటి?’

నా స్లైడుల్లో దానికి జవాబు లేదు.

ఆ జవాబు చాలా ఏళ్ల తర్వాత గుజరాత్ కథలో దొరికింది. సౌరాష్ట్ర తీరంలో తిమింగల సొరను జాలరులు ‘బ్యారెల్’ అనేవారు. గాలానికి పీపాలు కట్టి వేటాడేవారు కాబట్టి ఆ పేరు. దాని కాలేయం నూనె పడవలకు నీరు పట్టకుండా పూసేవారు. 2001లో దాన్ని ఆ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చి, వేట నిషేధించారు. చేర్చిన సంగతి రేవుల్లో చాలామందికి తెలియదు. 2004లో వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా ప్రచారం మొదలుపెట్టినప్పుడు రామకథ చెప్పే మొరారీ బాపు ముందుకొచ్చారు. ఈ చేప పురిటికి పుట్టింటికొచ్చే ఆడపిల్లలాంటిది, పుట్టింటివాళ్లే చంపుకుంటారా అన్నారు. వీధి నాటకాలు ఆడారు. ‘బ్యారెల్’ కాస్తా ‘వ్హాలీ’ అయింది. మన మాటలో చెప్పాలంటే ‘బంగారుతల్లి’. ఆ తర్వాత వలలో పడ్డ వందల సొరలను జాలరులే వల కోసి వదిలిపెట్టారు.

ఇక్కడితో ఆపేసి, చూశారా మాట మహిమ అనేవాళ్లున్నారు. నేను అనను. కోసిన వలకు గుజరాత్ అటవీ శాఖ పరిహారం ఇవ్వడం మొదలుపెట్టింది. అధికారి వచ్చి చూసేదాకా నడిసముద్రంలో ఎదురుచూడక్కర్లేకుండా జాలరుల చేతికే కెమెరాలిచ్చారు. ఫొటో తీసి వదిలేస్తే చాలు. ఆడపిల్ల అన్న మాట మనసుకు తగిలింది నిజమే. వల డబ్బులు రాకపోతే ఎన్నాళ్లు తగిలేది? మా పెద్దాయన అడిగింది సరిగ్గా అదే.

ఆ అమ్మాయికి చెప్పాను: ఇంటర్వ్యూకి ముందు ఒక వారం ఏదైనా రేవులో ఉండు. వల ఎంతకొస్తుందో, అప్పు ఎవరిస్తారో, బోటు ఖాళీగా తిరిగొచ్చిన రోజు ఇంట్లో ఏం వండుతారో కనుక్కో. నువ్వు మాట్లాడకు. ఇంగ్లీషు కూడా కావాలి, నిధులిచ్చేవాళ్లకు రిపోర్టులు రాయాలిగా. అది రెండో పని.

ఉద్యోగ ప్రకటనలు రాసే సంస్థలకూ ఒక మనవి. ‘కమ్యూనికేషన్ స్కిల్స్’ అన్న చోట ‘రేవులో మాట్లాడే తెలుగు రావాలి’ అని వేయండి. పిల్లలకు కోచింగ్ ఫీజులు మిగులుతాయి.