ఎవరిని లేపాలో తెలిసిన గంట

“కేఆర్ పురం వస్తే లేపన్నా.”

మారికుప్పం నుంచి తెల్లవారక ముందే బెంగళూరుకు బయల్దేరే బండిలో ఈ మాట ఏదో ఒక సీటులోంచి వినబడుతూనే ఉంటుంది. ఆండర్సన్‌పేట వాళ్ళం ఛాంపియన్‌లోనో మారికుప్పంలోనో ఎక్కుతాం. ఊరగాం, కోరమాండల్ దాటి బంగారపేట చేరేసరికి సగం బోగీ నిద్రలో ఉంటుంది. 2001 ఫిబ్రవరి 28న మా బంగారు గనులు మూతబడ్డాక మా ఊళ్ళో చాలామందికి పని బెంగళూరులోనే. పోను రెండు గంటలకు పైన, రాను అంతే. ఇంట్లో తగ్గిన నిద్రను ఈ బండిలోనే తీర్చుకోవాలి.

ఆ చిన్న మాటలో ఎంత సరంజామా ఉందో చూడండి. ఎవరిని లేపాలి, ఎక్కడ లేపాలి, ఎంత ముందు లేపాలి, అన్నీ అందులో ఉన్నాయి. ఒప్పుకున్న అన్న కూడా గట్టిగా కేక వేయడు. హూడి దాటగానే భుజం మీద రెండుసార్లు తడతాడు. ఆనుకుని పడుకున్న మనిషి వైట్‌ఫీల్డ్‌లో దిగాల్సినవాడైతే అతన్ని అప్పటికే ఇంకొకరు లేపి ఉంటారు. కంటోన్మెంట్ దాకా పోయేవాడి నిద్ర చెడదు. ఫోన్‌లో మోగే పుష్ నోటిఫికేషన్‌ను మనిషికి తగినట్టు మలచడమంటే ఇదే పని. ఈ పనిని బాగా చేసినవాళ్ళ పనితనం ఎంత సున్నితమైనదో నాకు ఈ బండిలోనే అర్థమైంది.

మా తాత గనిలో బ్యాంక్స్‌మన్. షాఫ్ట్ నోటి దగ్గర నిలబడి గంట కొట్టే ఉద్యోగం. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతు పోయింది. వైండింగ్ ఇంజిన్ నడిపే మనిషికి లోపల వేలాడే బోను (కేజ్) కనబడదు. లోతు చూపే ముల్లు, చెవిన పడే గంట, అతనికి ఉన్నవి ఆ రెండే. ఎన్ని గంటలు మోగితే ఏమి చేయాలో లెక్క కట్టి పెట్టారు. బోను కదులుతుండగా ఒక్క గంట మోగితే ఆపేయాలి. అన్నిటికన్నా అవసరమైన మాటకు అన్నిటికన్నా చిన్న సంకేతం ఇచ్చారు. ఆపదలో ఉన్న చేతికి రెండోసారి కొట్టే వ్యవధి దొరకకపోవచ్చు. మనుషులు ఎక్కుతున్నారని చెప్పే సంకేతం రాళ్ళు ఎత్తే సంకేతంతో కలవదు. ఆ తేడా చెవితోనే తెలిసి, ఇంజిన్ మీది చెయ్యి నెమ్మదిస్తుంది.

ఇప్పుడు ఫోన్‌లో వణుకు రాసే తీరు చూస్తే నాకు ఆ గంటలే గుర్తొస్తాయి. ఆండ్రాయిడ్‌లో దాన్ని వరుస అంకెలతో రాస్తారు: 0, 300, 200, 300. ఆగకుండా మొదలుపెట్టు, 300 మిల్లీసెకన్లు వణుకు, 200 ఆగు, మళ్ళీ 300 వణుకు. ఆ మధ్యలో ఉన్న 200 మౌనం వల్లే జేబులో ఉన్న ఫోన్ ఏ సంగతి చెబుతోందో తొడకు తెలుస్తుంది. మౌనాన్ని తీసేస్తే రెండూ కలిసి ఒకే గురగురగా మిగులుతాయి.

మా బండిలో అన్న చేసే పనిని ఫోన్‌కు నేర్పినవాళ్ళు బెంగళూరు వాళ్ళే. సిగ్మాయిడ్ ల్యాబ్స్ అనే చిన్న సంస్థ ‘వేర్ ఈజ్ మై ట్రైన్’ యాప్ చేసింది. 2018 డిసెంబరులో గూగుల్ ఆ సంస్థను కొనేనాటికే దాన్ని వాడేవాళ్ళు కోటి దాటారు. దానికి తెలుగూ వచ్చు, కన్నడమూ వచ్చు. ఇంటర్నెట్ లేకున్నా, జీపీఎస్ లేకున్నా బండి ఎక్కడుందో చెబుతుంది. ఫోన్ ఎలాగూ దారిలోని సెల్ టవర్ల పలుకు వింటూనే ఉంటుంది కదా, ఆ టవర్ల గుర్తులతోనే తానున్న చోటు కట్టుకుంటుంది. దిగే స్టేషన్‌కు అలారం పెట్టుకుంటే దగ్గరికి రాగానే మోగుతుంది.

ఇక్కడ నన్ను కట్టిపడేసింది వాళ్ళు వదిలేసిన పని. ఎక్కడో ఉన్న సర్వర్ మన స్థానం కనుక్కొని, లెక్క వేసి, కబురు పంపే దారి ఒకటి ఉంది. అదే పుష్. ట్యాకల్, మాలూరు మధ్య ఇంటర్నెట్ అందనప్పుడు ఆ కబురు గాలిలోనే ఉండిపోతుంది, మనిషి స్టేషన్ దాటిపోతాడు. ఎక్కడున్నామో ఫోన్ తనంతట తాను తెలుసుకోగలిగినప్పుడు ఎవరి కబురు కోసమూ కాచుకోనక్కర్లేదు. ఎప్పుడు దూరం నుంచి పంపాలి, ఎప్పుడు అక్కడికక్కడే మోగించాలి అన్న ఈ తెలివి ఉంటే సగం పని అయిపోయినట్టే.

దూరం నుంచే పంపాల్సినవీ ఉంటాయి. బండి ఆలస్యమన్న వార్త ఫోన్‌కు తనంతట తెలియదు. ఆ తోవలోనూ మంచి పనితనం ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఒక్కో యాప్ ఒక్కో తలుపు తెరిచి కూర్చుంటే బ్యాటరీ మధ్యాహ్నానికే అయిపోతుంది. అందుకని గూగుల్ పుష్ సేవను వాడే యాప్‌లన్నిటి కబుర్లూ ఒకే గొట్టంలోంచి వస్తాయి. ఒక్కో కబురు 4096 బైట్లు మించకూడదు. ఎంతకాలం బతకాలో కూడా కబురుకు చెప్పి పంపవచ్చు. ఇప్పుడు అందకపోతే ఇక వద్దు అనవచ్చు, నాలుగు వారాల దాకా కాచుకో అనవచ్చు. ఇంకా ముచ్చటైన ఏర్పాటు, కొత్త కబురు పాతదాన్ని తుడిచేసి ఆ చోట కూర్చోవడం. పది నిమిషాలు ఆలస్యం, ఇరవై, నలభై అని మూడు కబుర్లు దారిలో చిక్కుకుంటే, సిగ్నల్ రాగానే మూడూ వరుసగా మీద పడవు. చివరిదే వస్తుంది. గడిచిపోయిన నిజం ఇక పనికిరాదని తెలిసినవాళ్ళు కట్టిన కట్టడం ఇది.

అన్నిటికన్నా నాకు నచ్చింది 2017లో ఆండ్రాయిడ్ 8తో వచ్చిన ‘ఛానెల్’. యాప్ తన నోటిఫికేషన్లను రకాలుగా విడదీసి ఒక్కోదానికి ఒక్కో ఛానెల్ పెట్టాలి. ప్రతి ఛానెల్‌కూ విడిగా మోత, వణుకు, ప్రాధాన్యం. మోగి తెర మీదికి దిగాలా, మోగితే చాలా, చప్పుడు లేకుండా కూర్చోవాలా, పైపట్టీలో కూడా కనబడకుండా ఒదిగి ఉండాలా అన్నవి నాలుగు మెట్లు. ఛానెల్ పుట్టేటప్పుడు మోత ఎలా ఉండాలో యాప్ చెబుతుంది. అక్కడితో దాని అధికారం ముగుస్తుంది. ఆ తర్వాత మోత మార్చే హక్కు ఫోన్ యజమానిదే. యాప్ గడుసుగా ఛానెల్‌ను చెరిపి అదే గుర్తుతో మళ్ళీ పుట్టిస్తే, యజమాని పెట్టుకున్న పాత అమరికే తిరిగి లేస్తుంది. ఇన్ని ఛానెళ్ళు చెరిపేసిందని సెట్టింగ్స్‌లో లెక్క కూడా చూపుతారు. ఇంత ముందుచూపుతో, ఇంత పట్టుదలగా మన నిద్ర వైపు నిలబడ్డ ఇంజినీర్లకు నేను మనసారా దండం పెడతాను.

కాని ఛానెళ్ళను విడదీసే పని యాప్ చేసేవాడిదే. నేను వాడిన ఒక యాప్ తగ్గింపు ధరల ప్రకటననూ బిల్లు గడువునూ ఒకే ఛానెల్‌లో కుక్కింది. ప్రకటనల పోరు పడలేక ఆ ఛానెల్ నోరు నొక్కాను, బిల్లు గడువు దాటిపోయింది. రాళ్ళకూ మనుషులకూ ఒకే గంట కొట్టినట్టయింది.

ఇక తెలుగు సంగతి. పనివాడి నేర్పుకు అసలు పరీక్ష ఇక్కడే ఉంది. యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగులో ఒక్కో సంకేతానికి మూడు కావాలి. ‘స్త్రీ’ అని కంటికి కనిపించే ఒక్క అక్షరం ఆరు సంకేతాలు, పద్దెనిమిది బైట్లు. అయినా అది పెద్ద ఇబ్బంది కాదు, 4096లో మన అవసరానికి సరిపడా చోటుంది. ఇబ్బంది అంతా తెర మీది ఒక్క వరసతోనే. మన క్రియ వాక్యం చివర కూర్చుంటుంది. “మీరు ఎక్కవలసిన మారికుప్పం బండి ఈ రోజు సాయంత్రం…” అని మూడు చుక్కలతో తెగిపోతే, అది రద్దయిందో, ఆలస్యమైందో, ప్లాట్‌ఫారం మారిందో ఎవరికి తెలుసు? ఇంగ్లిష్ వరసను పట్టుకుని తెలుగులోకి దించిన నోటిఫికేషన్లు చాలావరకు ఇలాగే ప్రాణం ఉన్న చోట తెగిపోతాయి. తెలుగు తెలిసిన చెయ్యి “40 నిమిషాలు ఆలస్యం: మారికుప్పం బండి” అని మొదలుపెడుతుంది. ఎక్కడ తెగినా నష్టం లేదు.

ఖాళీ వదిలి ఊరి పేరు నింపే అచ్చులో మరో చిక్కు. ‘కు’ ముందే అచ్చువేసి పెడితే బంగారపేటకు, మాలూరుకు, ట్యాకల్‌కు అని చక్కగా నడుస్తుంది. మారికుప్పం దగ్గర కాలు జారుతుంది. ‘మారికుప్పంకు’ అని తెర మీద కనబడితే చెవి ఒప్పుకోదు, అది మారికుప్పానికి. కృష్ణరాజపురానికి కూడా అంతే. ప్రతి పేరుకూ విభక్తి రూపం రాసి పెట్టుకోవడం ఒక దారి. శ్రమే గాని ఆ పని చేసినవాళ్ళంటే గౌరవం. రెండో దారి, విభక్తి అవసరమే రాకుండా వాక్యాన్ని మలచడం: “తర్వాతి స్టేషన్: మారికుప్పం.” ఏ ఊరైనా అందులో ఇమిడిపోతుంది, ఏ ఊరి పేరూ నలగదు. చదివేవాడికి అక్కడ ఒకరు ఆలోచించారన్న సంగతే తెలియదు. ఆ తెలియకపోవడంలోనే పనివాడి గొప్పతనం ఉంది.

సాయంత్రం తిరుగు బండిలో మాలూరు వాళ్ళ ఫోన్లు ముందు మోగుతాయి, తర్వాత బంగారపేట వాళ్ళవి. అలారం పెట్టుకోని పెద్దాయన ఒకరు ఇప్పటికీ పక్కవాణ్ణే అడుగుతాడు, “బంగారపేట వస్తే లేపప్పా” అని. ఆ పక్కవాడు తన ఫోన్‌లో ఆయన కోసం అలారం పెట్టి, మోగగానే ఆపేసి, భుజం తడతాడు. మారికుప్పం దాకా పోయే మాకు మాత్రం ఏ గంటా అక్కర్లేదు, పట్టాలు అక్కడే అయిపోతాయి.