వాగె : నిగ్రహమా? సంభాషణమా?

గుఱ్ఱపు నోట నుండునది కళ్లెము. దానినుండి రౌతు చేతివఱకు సాగునది వాగె, లేక పగ్గము. సంస్కృతమున దీనికి ప్రగ్రహము, వల్గ, రశ్మి యని పేళ్లు. లోకవ్యవహారమున ‘కళ్లెము వేయుట’ యన్న నణచుట; ‘పగ్గములు చేపట్టుట’ యన్న నధికారము. ఈ యర్థసంకోచము మన గ్రంథపఠనమును గూడ చెఱచినదని నా యభిప్రాయము.

కఠోపనిషత్తు ప్రథమాధ్యాయ తృతీయవల్లిలో శరీరము రథము, బుద్ధి సారథి, మనస్సు ప్రగ్రహము, ఇంద్రియములు హయములు. దీనిని ‘బిగించి పట్టుము’ అను నుపదేశముగానే సామాన్యముగ చదువుదురు. కాని మనస్సు బుద్ధి యాజ్ఞను క్రిందికి గొనిపోవుటయే కాదు. ఇంద్రియములు తెచ్చిన వార్తను బుద్ధికి నివేదించును గదా! వాగెయు నట్టిదే. ముందుపండ్లకును దవడపండ్లకును నడుమ పండ్లులేని చోట, నాలుకపై, కళ్లెము నిలుచును. అచటి చిగురు మిక్కిలి సున్నితము. రౌతు వ్రేలి కదలిక గుఱ్ఱమున కెట్లు తెలియునో, గుఱ్ఱము దవడ బిగియుట, మెడ వంచుట రౌతు వ్రేళ్ల కట్లే తెలియును. శిక్షణరహస్యము లాగుటలో లేదు. గుఱ్ఱము చెప్పినట్లు చేసిన క్షణముననే వదలుటలో నున్నది. ఆ సడలింపే దానికి ‘ఔను’ అను మాట. ఎడతెగక లాగిన చేయి మాటాడుట మానినట్లే, నోరు మొద్దువాఱును. బలవంతమున చేయించినది గుఱ్ఱమునకు బోధపడదని గ్రీకు రచయిత జెనోఫోను క్రీస్తుపూర్వము 4వ శతాబ్దమందే గ్రహించెను.

భారత వనపర్వమందలి నలోపాఖ్యానము దీనికి చక్కని నిదర్శనము. బాహుకుడు కృశించిన గుఱ్ఱములను ఎన్నుకొనగా ఋతుపర్ణుడు శంకించెను. రథమెక్కగానే యవి మోకాళ్లపై కూలెను. నలుడు ముందు వాని ననునయించెను. పిదపనే పగ్గములతో లేవనెత్తెను. ఈ క్రమము గమనింపదగినది. ఆ హయసంగ్రహణమును జూచియే వార్ష్ణేయుడు ‘ఇతడు మాతలియా, శాలిహోత్రుడా, నలుడా?’ యని తర్కించెను. వేషము మాఱినను చేతి భాష మాఱలేదు.

నలుడు సారథియే గాని రౌతు కాడని యాక్షేపింపవచ్చును. రౌతునకు తొడల యొత్తిడియు, కూర్చున్న తీరును తోడగును. సారథి కవి లేవు. కావున పగ్గముల పలుకు సారథియందే మఱింత స్పష్టము.

ఇక నిగ్రహ మక్కఱలేదా? కలదు. అయితే వినుట నేర్చిన చేతికే నిగ్రహము చెల్లును. వినని చేతిలో పగ్గము కేవలము త్రాడు.