ఒంటరి యాత్రలో తోడున్నవారు

మన పత్రికలలో ఈమధ్య యాత్రానుభవాలు తరచుగా కనిపిస్తున్నాయి. చదువుకునే పిల్లలు సెలవుల్లో వీపుకు సంచీ తగిలించుకుని, తోడెవరూ లేకుండా ఏదో ఒక వేడి దేశం చుట్టి వచ్చి, ఆ సంగతులు వ్రాస్తున్నారు. ఇది సంతోషించదగ్గ విషయమే. అయితే వాటిని మెచ్చుకునేవారే తప్ప, రచనలుగా తూచి చూసేవారు అరుదు. నేను ఆ పని చేద్దామనుకున్నాను. కానీ పిల్లల రచనలను తప్పుపట్టే ముందు అదే కోవకు చెందిన నా రచననొకదాన్ని పరీక్షకు పెట్టడం న్యాయమని తోచింది. ఈ వ్యాసం ఆ పరీక్షే.

నేను డునెడిన్‌లో, ఒటాగో విశ్వవిద్యాలయంలో చదువుకున్నాను. 1869లో స్థాపించిన ఆ విశ్వవిద్యాలయం న్యూజిలాండులో అన్నిటికంటే పాతది. ఊరు బాగా దక్షిణాన ఉంది. జూన్, జూలై నెలలు అక్కడ చలికాలం. విద్యార్థులు అద్దెకుండే పాత చెక్క ఇళ్ళలో గోడలకు చెమ్మ పడుతుంది. పొద్దున్నే నోరు తెరిస్తే ఆవిరి కనిపిస్తుంది. అంచేత ఏడాది మధ్య సెలవులు రాగానే, నాలుగు డబ్బులు కూడబెట్టుకున్నవాళ్ళు ఉత్తరాన ఉన్న ద్వీపాలకు పోవడం అక్కడ మామూలు. 2003 జూలైలో నేనూ అలాగే బయలుదేరాను. నేను వెళ్ళింది ఫిజీకి. పుట్టింది కూడా అక్కడే. 1987 నాటి రెండు సైనిక తిరుగుబాట్ల తర్వాత ఆ దేశం విడిచిన వేలాది కుటుంబాలలో మాదీ ఒకటి. అప్పటికి నాకు నాలుగేళ్ళు. కాబట్టి ఇరవయ్యేళ్ళ వయసులో ఫిజీలో దిగినప్పుడు, ఆ దేశం నాకు ఎంత స్వంతమో అంత కొత్త.

మూడు వారాల సంగతులు ఒక నోటుపుస్తకంలో ఇంగ్లీషులో వ్రాసుకున్నాను. తిరిగి వచ్చాక సాపుచేసి స్నేహితులకు చూపిస్తే అందరూ బాగుందన్నారు. నేనూ బాగుందనే అనుకున్నాను. ఇరవయ్యేళ్ళు గడిచాక దాన్ని మళ్ళీ తెరవవలసిన అవసరం వచ్చింది. ఆ అవసరమేమిటో తర్వాత చెబుతాను. ముందు రచన సంగతి.

మొదటి పేజీలోనే, ఎవరి సహాయమూ లేకుండా వీతిలేవు ద్వీపం చుట్టి వస్తానని ఉంది. చివరి పేజీలో, చుట్టి వచ్చానని ఉంది. ఈ రెంటికీ మధ్య ఉన్నదేమిటి? యసావా ద్వీపాలలో ఒకనాటి సూర్యాస్తమయానికి రెండు పేజీలు. హాస్టలులో కలిసిన పరదేశపు విద్యార్థులతో స్వేచ్ఛను గురించి జరిపిన చర్చకు నాలుగు పేజీలు. రోజుకెంత ఖర్చయిందో పైసలతో సహా లెక్క. బా పట్టణానికి దూరంగా, చెరుకు తోటల మధ్య ఒక ఇంట్లో నాలుగు రాత్రులు ఉన్నాను. దానికి రెండే వాక్యాలు: ‘స్థానిక కుటుంబం దగ్గర దిగాను. భోజనం చాలా కారంగా ఉంది.’

వ్రాయనిది ఎంతో ఇప్పుడు చెబుతాను. బస్సు దిగి దారి తప్పితే, చెరుకు లారీ నడిపే ఒకాయన నన్ను ఎక్కించుకుని ఆ ఇంటి ముందు దింపాడు. వాకిట్లో కూర్చున్న ముసలావిడ నన్నూ నా సంచీనీ ఎగాదిగా చూసి, “ఆడబిడ్డవి, ఒక్కదానివే వొచ్చినావా? ఎవురి బిడ్డవమ్మా నువ్వు?” అని తెలుగులో అడిగింది. మా తాత పేరు చెప్పాను. ఆమె గోడ పట్టుకుని లేచి నిలబడింది. ఆమె తల్లీ మా ముత్తవ్వా ఒకే ఓడలో వచ్చారట. జహాజీ చుట్టరికం రక్తసంబంధం కంటే గట్టిదని మన ఇళ్ళలో పెద్దలు చెప్పగా విన్నవాళ్ళకు, ఆ తర్వాత జరిగినది వివరించనక్కరలేదు. ఆ పూటనుంచి నేను ఆ ఇంటి మనవరాలిని.

ఆ ఇంటికి అప్పటికే గడువు తీరిపోయింది. ఫిజీలో భూమిలో అత్యధిక భాగం తౌకేయి ప్రజల ఉమ్మడి ఆస్తి. మనవాళ్ళు దాన్ని కౌలుకు తీసుకుని చెరుకు పండించారు. వ్యవసాయ కౌలు చట్టాల కింద ముప్పయ్యేళ్ళ గడువుతో ఇచ్చిన కౌళ్ళు 1997 నుంచి ముగియడం మొదలై, వేల కుటుంబాలు తోటలు విడిచాయి. భూమి తిరిగి అడిగినవారిది తప్పని నేననను, భూమి వాళ్ళది. అయితే మూడు తరాలు దున్నిన చేను వదలడం ఎంత కష్టమో కూడా చెప్పాలి. నేను వెళ్ళేసరికి ఆ ఇల్లు విప్పుతున్నారు. వెనుక గది రేకులు తీసి గోడకు ఆనించి పెట్టారు. సువా వైపు బంధువుల దగ్గరకు పోవాలని వాళ్ళ ఆలోచన. నేను వచ్చానని ఆ పని నాలుగు రోజులు ఆపారు. వంట సామాను మూటలు విప్పి నాకు వండిపెట్టారు. ఆ కారపు భోజనం అదే. రేకుల మాట గానీ, మూటల మాట గానీ నోటుపుస్తకంలో లేదు. ఎవరి సహాయమూ లేకుండా తిరిగానన్న మాట మాత్రం ఉంది.

ఇప్పుడు ఆ అవసరం సంగతి. మా ఇంట్లో చిన్నవాళ్ళు మన మూలం ఏ ఊరని అడిగారు. గిర్మిట్ మీద ఫిజీకి వచ్చిన ప్రతి మనిషికీ ఒక ఎమిగ్రేషన్ పాసు ఉండేది. ఆ పాసులు సువాలోని జాతీయ పురావస్తు భాండాగారంలో భద్రపరిచి ఉన్నాయి. వెతకాలంటే మనిషి పేరో, ఓడ పేరో, ఊరి పేరో కావాలి. మా ముత్తవ్వను ఇంట్లో అందరూ అవ్వ అనే పిలిచారు. పాసులో వ్రాసిన పేరు బ్రతికి ఉన్నవాళ్ళెవరికీ తెలియదు. ఒక రాత్రి దీపం దగ్గర కూర్చుని ఆ ముసలావిడ నాకు ఆ పేరు, ఓడ పేరు, చిత్తూరు వైపున్న ఆ పల్లె పేరు మూడూ చెప్పింది. విన్నాను. వ్రాసుకోలేదు. ఆ రోజు నోటుపుస్తకంలో బస్సు ఛార్జీ ఉంది. ఆ కుటుంబాన్ని వెతుకుదామంటే వాళ్ళ ఇంటిపేరు కూడా నా పుస్తకంలో లేదు. స్థానిక కుటుంబం అని ఉంది.

ఇది నా ఒక్కదాని అజాగ్రత్త అని సరిపెట్టుకోవచ్చు. కానీ నేను చూసిన ఆ చూపు నేను కనిపెట్టింది కాదు. డునెడిన్‌కు అది పాత అలవాటు. యూనియన్ స్టీమ్‌షిప్ కంపెనీ 1875లో ఆ ఊళ్ళోనే పుట్టింది. 1884లో అది ‘వైరారపా’ అనే ఓడను విహారయాత్రకు ఫిజీ, సమోవా, టోంగా ద్వీపాలకు నడిపింది. డునెడిన్‌లో పేరుమోసిన బర్టన్ బ్రదర్స్ ఫొటో స్టూడియోకు చెందిన ఆల్‌ఫ్రెడ్ బర్టన్ ఆ ఓడలో వెళ్ళి, ‘ప్రవాళ ద్వీపాలలో కెమెరా’ అని అర్థం వచ్చే ఇంగ్లీషు పేరుతో ఒక ఛాయాచిత్రాల వరుస తెచ్చాడు. పనితనంలో వాటికి వంకపెట్టలేము. కానీ పేరు చూడండి. యాత్ర చేసింది కెమెరా. ద్వీపాలు దాని ముందు నిలబడ్డాయి. అదే 1884 మే 11న, కలకత్తా నుంచి కూలీలను తెస్తున్న ‘సిరియా’ ఓడ ఫిజీలోని నసీలై దిబ్బమీద పగిలి 59 మంది చనిపోయారు. అదే సంవత్సరం ఆక్లండులో చెల్సీ చక్కెర శుద్ధి కర్మాగారం మొదలైంది; ఫిజీ నుంచి కూడా దానికి ముడి చక్కెర వచ్చేది. విహారానికి పోయేవారూ, చెరుకు నరకడానికి పోయేవారూ ఒకే సముద్రంమీద, ఒకే ఏడాది ప్రయాణం చేశారు. మొదటివారి ప్రయాణానికే యాత్ర అనే పేరు దక్కింది.

తర్వాత కాలంలో ఓడ పోయి విమానం వచ్చింది. పెట్టెకు బదులు వీపు సంచీ వచ్చింది. 1973లో టోనీ వీలర్, మోరీన్ వీలర్ దంపతులు ఆసియా మీదుగా చవకగా ప్రయాణించడం గురించి ఒక చిన్న పుస్తకం వేశారు. డబ్బు లేని కుర్రవాళ్ళకు లోకం చూసే ధైర్యమిచ్చిన పుస్తకాల వరవడి దానితో బలపడింది. ఆ మేలు కాదనలేము. నా సంచీలోనూ అటువంటి గైడు పుస్తకమే ఉంది. కానీ ఆ వరవడిలో చదివేవాడే నాయకుడు. ఆ ఊరి మనుషులు గది, బస్సు, భోజనం, ధర అనే రూపాలలోనే కనిపిస్తారు. నా నోటుపుస్తకం ఆ వరవడికి నకలు. గైడు పుస్తకం బాటసారికి దారి చెప్పడానికి వ్రాసింది, దానికి ఆ క్లుప్తత తగును. నా దానికి ఆ సాకు కూడా లేదు.

మన భాషలో యాత్రాగ్రంథం ఇలా మొదలుకాలేదు. ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మే 18న చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చారు. ఆ ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయింది. ఆయన సుప్రీంకోర్టులో దుబాసీ. వెంట పరివారం, బోయీలు కలిసి దాదాపు నూరుమంది. ఒంటరివాడినని ఆయన ఎక్కడా చెప్పుకోలేదు. ఏ మజిలీలో నీళ్ళు దొరుకుతాయి, ఏ ఊళ్ళో సత్రం ఉంది, ఏ నదిని ఎలా దాటాలి అని మిత్రుడైన కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళె గారికి ఉత్తరాలుగా వ్రాశారు. తర్వాత వచ్చేవారికి పనికివచ్చేలా వ్రాయాలన్న బాధ్యత ఆ గ్రంథమంతటా ఉంది. గిర్మిట్ చరిత్రలో తోతారామ్ సనాఢ్య 1914లో హిందీలో ప్రకటించిన, ఫిజీలో తన ఇరవై ఒక్క సంవత్సరాల కథ కూడా అంతే. పేరులో ‘నా’ ఉన్నా, అందులో ఉన్నది తనతోబాటు బాధపడినవారి గోడు.

మన తెలుగువారి నుంచి అటువంటి పుస్తకం రాలేదు. 1903 నుంచి మద్రాసు రేవు ద్వారా మనవాళ్ళు ఫిజీకి రావడం మొదలైంది. 1916లో ఆఖరి ఓడ వచ్చింది. గిర్మిటియాల మూలాలను లెక్కకట్టిన బ్రిజ్ లాల్ గారి 1983 నాటి ప్రసిద్ధ గ్రంథం ఉత్తర భారతం నుంచి వచ్చినవారిని గురించినది. మా ముత్తవ్వ ప్రయాణానికి మిగిలిన వ్రాత ఒక పాసు కాగితం మాత్రమే. తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఎత్తు, ఒంటిమీది గుర్తులు. ఎవరో గుమాస్తా తన పనికోసం నింపిన కాగితం అది. అయినా అందులో ఊరి పేరు ఉంది. ఆమె మునిమనవరాలు, చదువుకున్నది, తీరికగా వ్రాసిన పుస్తకంలో అది లేదు. ఈ రెండు రచనలలో దేనికి ఎక్కువ విలువ కట్టాలో పాఠకులే చెప్పగలరు.

ఒక ఆక్షేపణ రావచ్చు. సాహిత్యం అంటే జనాభా లెక్కల పట్టీ కాదు కదా, రచయిత మనసుకు తోచినది వ్రాయకూడదా అని. వ్రాయవచ్చు. కానీ మనసుకు తోచడమంటే ఏమిటి? రేకులు విప్పిన ఇంట్లో అతిథిగా కూర్చుని సూర్యాస్తమయమే తోస్తే, లోపం చూపులో ఉంది. ఆ ఇంటి సంగతి వ్రాసి ఉంటే నా రచన జాబితా అయ్యేది కాదు, అప్పుడే రచన అయ్యేది.

మరొకటి కూడా చెప్పాలి. పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఒంటరిగా తిరగకూడదని నేననడం లేదు. మా ముత్తవ్వ గిర్మిట్ అయిదేళ్ళలో అనుమతి లేకుండా తోట విడిచి వెళ్తే శిక్ష పడేది. ఆమె దాటలేని గేటు నేను నా ఇష్టప్రకారం దాటి, అదే దారిన బస్సులో పోయాను. ఆ స్వేచ్ఛ చిన్నది కాదు. దానిని కాదనుకునే ఉద్దేశం నాకు లేదు. ఆ స్వేచ్ఛ ఎవరి భుజాల మీద వచ్చిందో మరిచి వ్రాయడమే నాకు అభ్యంతరం.

అందుచేత యాత్రానుభవాలు వ్రాసే పిల్లలకు నా మనవి. మీకు అన్నం పెట్టినవారి పేరు, వాళ్ళ అనుమతితో, వ్రాయండి. ఊరి పేరు, ఇంటిపేరు, ఓడ పేరు ముసలివాళ్ళ నోట విన్నప్పుడు అప్పటికప్పుడే వ్రాసుకోండి. తెలుగు అక్షరాలు వచ్చినవాళ్ళు తెలుగులోనే వ్రాసుకోండి, ఎందుకంటే ఇంగ్లీషులో పడ్డ పల్లె పేరు మళ్ళీ పోల్చుకోవడం కష్టం. వ్రాసింది అచ్చయితే ఆ ఇంటికి ఒక ప్రతి పంపండి. ఇలా చేస్తే మీ రచన చెడిపోదు.

2003లో బా పట్టణం దగ్గర ఇల్లు విప్పుతూ, డునెడిన్ నుంచి వచ్చిన ఒక చదువుకునే పిల్లను నాలుగు రాత్రులు ఉంచుకున్న తెలుగు కుటుంబం ఏదైనా ఈ వ్యాసం చూస్తే, పత్రికకు ఒక కార్డు వ్రాయవలసిందిగా ప్రార్థన. ఆ పల్లె పేరు మీలో ఎవరికైనా గుర్తుండవచ్చు. ఈసారి వ్రాసుకుంటాను.