రెండోసారీ అదే 1:45.35

సిడ్నీ ఒలింపిక్స్, 2000 సెప్టెంబర్. పురుషుల 200 మీటర్ల ఫ్రీస్టైల్ సెమీఫైనల్లో నెదర్లాండ్స్ ఈతగాడు పీటర్ వాన్ డెన్ హోగెన్‌బాండ్ 1 నిమిషం 45.35 సెకన్లకు గోడ తాకాడు. ప్రపంచ రికార్డు. మర్నాడు ఫైనల్. పక్క లేన్లో ఇయాన్ థోర్ప్. వయసు పదిహేడు, పుట్టి పెరిగిన ఊరు సిడ్నీయే, స్టాండ్స్ నిండా అతని పేరే మోగుతోంది. అయినా హోగెన్‌బాండ్ గెలిచాడు. బోర్డు మీద టైము మళ్లీ 1:45.35. సెకనులో వందో వంతు కూడా తేడా లేదు.

నాకు ఆ పతకం కంటే ఈ రెండో 1:45.35 పెద్దదనిపిస్తుంది. ఒక రోజు ఒళ్లు సహకరించి, నీళ్లు కలిసొచ్చి రికార్డు పడిపోవచ్చు. మర్నాడు గెలుపోటముల బరువంతా నెత్తిన పెట్టుకుని దిగి, మళ్లీ అంతే ఈదాడంటే అది పనితనం.

ఫ్రీస్టైల్ చూడ్డానికి తేలిక. బార వేయడం, కాళ్లు ఆడించడం, పక్కకు తిరిగి ఊపిరి తీసుకోవడం, అంతే. ఏళ్ల తరబడి పిల్లలకు ఈత నేర్పుతున్నాను కాబట్టి అది ఎక్కడ చెడుతుందో బాగా తెలుసు. చెయ్యి నీళ్లలోకి దిగాక మోచెయ్యి పైనే నిలబడాలి, ముంజెయ్యి కిందికి వాలాలి. అప్పుడే అరచేతి నుంచి మోచేతి దాకా మొత్తం తెడ్డులా నీటిని వెనక్కి నెడుతుంది. మొదటి ల్యాపులో ప్రతి పిల్లాడూ ఇది చక్కగా చేస్తాడు. భుజం అలిసిన కొద్దీ మోచెయ్యి జారిపోతుంది, చెయ్యి నీటిని పట్టుకోకుండానే కోసుకుపోతుంది. గాలి కోసం తల పైకి లేస్తుంది. తల లేస్తే నడుము కుంగుతుంది, కాళ్లు దిగిపోతాయి. అక్కడి నుంచి ఎంత గట్టిగా కొట్టుకున్నా ముందుకు కదిలేది తక్కువ. గట్టు మీద నిలబడి చూస్తే ఏ బారలో మొదలైందో వేలు పెట్టి చూపించొచ్చు.

200 మీటర్ల పందెం అంటే ఈ చెడిపోవడాన్ని చివరి ల్యాపు దాకా ఆపగలగడం. ఆ నిలకడ హోగెన్‌బాండ్‌కు పుట్టుకతో వచ్చిందని నేను అనుకోను. తల్లి ఒకప్పటి ఈతగత్తె, తండ్రి ఐండ్‌హోవెన్‌లో పీఎస్‌వీ ఫుట్‌బాల్ క్లబ్బు డాక్టరు. ఇంట్లో ఆటల వాతావరణం ఉన్న మాట నిజమే. కానీ పద్దెనిమిదేళ్లప్పుడు, 1996 అట్లాంటాలో, 100లోనూ 200లోనూ నాలుగో స్థానంతో ఉత్తచేతులతో తిరిగొచ్చాడు. తర్వాతి నాలుగేళ్లూ కోచ్ యాకో వెర్హారెన్ దగ్గర, ఐండ్‌హోవెన్ కొలనులో పని. 1999 ఇస్తాంబుల్ యూరోపియన్ పోటీల్లో ఆరు స్వర్ణాలు. ఆ మరుసటి ఏడే సిడ్నీ.

సిడ్నీలోనే 100 మీటర్ల సెమీఫైనల్లో 47.84. అంతకు ముందు 48 సెకన్ల లోపు ఈదిన మగవాడు లేడు. ఫైనల్లో రెండుసార్ల చాంపియన్ పొపోవ్‌ను వెనక్కి నెట్టి స్వర్ణం గెలిచాడు. నాలుగేళ్ల తర్వాత ఏథెన్స్‌లో అదే 100 మళ్లీ గెలిచాడు. దక్షిణాఫ్రికా స్ప్రింటర్ రోలండ్ స్కూమన్ మీద తేడా 0.06 సెకను.

47.84 ఏడేళ్లకు పైగా నిలిచింది. 2008 మార్చిలో ఫ్రాన్స్ ఈతగాడు అలాన్ బెర్నార్డ్ దాన్ని చెరిపేశాడు. ఎక్కడనుకున్నారు? ఐండ్‌హోవెన్‌లో, హోగెన్‌బాండ్ పేరు పెట్టిన కొలనులోనే! ఆ ఏడాదే బీజింగ్‌లో, ముప్పై ఏళ్ల వయసులో, 100లో అయిదో స్థానంతో హోగెన్‌బాండ్ ఈత మానేశాడు. తర్వాత టోక్యో, పారిస్ ఒలింపిక్స్‌కు నెదర్లాండ్స్ బృందానికి సారథిగా వెళ్లాడు.

అతను ఓడిన పందెం గురించీ చెప్పాలి. ఏథెన్స్ 200 ఫైనల్లో హోగెన్‌బాండ్, థోర్ప్, అమెరికా ఈతగాడు ఫెల్ప్స్ ముగ్గురూ ఒకేసారి నీళ్లలో దిగారు. హోగెన్‌బాండ్ మొదటి నుంచీ దూకుడుగా ఈది ముందున్నాడు. చివర్లో థోర్ప్ దాటేసి 1:44.71కి గెలిచాడు. హోగెన్‌బాండ్ 1:45.23, రజతం. సిడ్నీలో స్వర్ణం తెచ్చిన టైము కంటే ఇది మెరుగు. మూడో స్థానంలో వచ్చిన ఫెల్ప్స్ టైము 1:45.32, అది కూడా మెరుగే. ఆ రోజు హోగెన్‌బాండ్ ఏ మాత్రం తగ్గలేదు. మరొకడు ఇంకా బాగా ఈదాడు.

మీ పిల్లలు ఈత నేర్చుకుంటుంటే ఆ పందెం వీడియో చూపించండి. చివరి 50 మీటర్లు రెండుసార్లు వేసి, రెండోసారి ఎవరు ముందున్నారో వదిలేసి హోగెన్‌బాండ్ మోచేతినే చూడమనండి.