మాట లేని సినిమా, ముద్ర లేని దర్శకుడు?

2025 ఏప్రిల్‌లో ‘ఆదిత్య 369’ మళ్ళీ థియేటర్లకు వచ్చింది. ఆ రోజుల్లో సింగీతం శ్రీనివాసరావు గారి మీద టీవీలో ఒకటి రెండు చర్చలు చూశాను. తీరు తెలిసిందే. ఇద్దరు విమర్శకులు, మధ్యలో ఒక యాంకరు, మాట పూర్తయ్యేలోగా ఒక పాట ముక్క. గంటసేపట్లో ‘వైవిధ్యం’ అన్న మాట ఇరవైసార్లు వినిపించి ఉంటుంది. చివర్లో ఒకాయన, ఈయన అన్ని రకాలూ తీశారు గాని ఇది సింగీతం సినిమా అని పేరు చూడకుండా పోల్చుకోగల ముద్ర లేదని తేల్చేశారు. రెండో ఆయన తల ఊపారు.

నేను సాహిత్య విమర్శకుణ్ణి కాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. పద్దులన్నీ చదివి నిల్వ తేల్చకుండా పుస్తకం మూస్తే మా వృత్తిలో ఒప్పుకోరు. ఆ చర్చ నాకు అలాగే అనిపించింది. పైగా పుస్తకం కూడా సగమే తెరిచారు. తెలుగు చానల్‌లో ‘పంతులమ్మ’ (1977), ‘ఆదిత్య 369’ (1991), ‘భైరవద్వీపం’ (1994) వివరంగా చెప్పి, తమిళ సినిమాలను ఒక్క గుక్కలో ముగించారు. తమిళ చానల్‌లో దీనికి తలకిందులు. రాజకుమార్ గారితో కన్నడంలో తీసిన ‘హాలు జేను’ (1982) రెండుచోట్లా లేదు. రాజాజీ కథతో తీసి, ఉత్తమ తమిళ చిత్రంగా జాతీయ బహుమతి పొందిన ‘దిక్కట్ర పార్వతి’ (1974) మన తెలుగు దర్శకుడిదేనని తెలుగు చానల్‌కు గుర్తురాలేదు. కోయంబత్తూరులో, మదురైలో పుట్టి పెరిగిన మనకు ఆ ఇబ్బంది లేదు. రెండు ఖాతాలూ మన ఇంట్లోనే ఉన్నాయి. పక్కపక్కన పెట్టి చూద్దాం.

1981లో ‘రాజ పార్వై’, తెలుగులో ‘అమావాస్య చంద్రుడు’. కథానాయకుడికి చూపు లేదు. 1985లో ‘మయూరి’. నర్తకికి ఒక కాలు లేదు. ప్రమాదంలో కాలు పోగొట్టుకుని జైపూర్ కాలితో మళ్ళీ గజ్జె కట్టిన సుధా చంద్రన్ తన కథలో తానే నటించారు. 1987లో ‘పుష్పక విమానం’. సినిమాకే మాట లేదు. 1989లో ‘అపూర్వ సహోదరర్గళ్’, మన ‘విచిత్ర సోదరులు’. అప్పుకు ఎత్తు లేదు. ‘భైరవద్వీపం’లో అందగాడైన హీరో కొంతకాలం కురూపిగా బతుకుతాడు. ఇన్ని సినిమాల్లో ఒకే పని జరుగుతున్నప్పుడు ముద్ర లేదని ఎలా అంటాం? ఉన్నదాంట్లోంచి ఒకటి తీసేసి, మిగిలినదాంతో కథ నడిపించడం ఆయన పద్ధతి. తీసేసినదాని కోసం మనల్ని ఏడవమనరు. అప్పును చూసి జాలిపడేలోపే వాడి బుర్ర చూసి భయపడతాం.

అదంతా కమల్‌హాసన్ గొప్ప కాదా అని తమిళ మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ‘రాజ పార్వై’ నిర్మాణంలో, ‘అపూర్వ సహోదరర్గళ్’ స్క్రీన్‌ప్లేలో కమల్ చెయ్యి ఉంది. దాన్ని జాయింట్ ఖాతా అందాం. కాని ‘పుష్పక విమానం’ కథ సింగీతం గారిది. ‘మయూరి’లోనూ ‘భైరవద్వీపం’లోనూ కమల్ లేరు. అయినా పద్ధతి అదే.

ఈ లెక్కలో నష్టాలూ తెలుస్తాయి. 1957లో కె.వి. రెడ్డి గారి ‘మాయాబజార్’కు సహాయకుడిగా పనిచేసిన మనిషి, 2008లో ‘ఘటోత్కచ’ను యానిమేషన్‌గా తీశారు. కంప్యూటరు ఏది అడిగినా ఇస్తుంది, తీసేయవలసింది ఏమీ లేదు. నాకు అది అందుకే చప్పగా ఉంది. ‘లిటిల్ జాన్’ (2001) విషయంలోనూ నా అభిప్రాయం ఇదే. చేతినిండా ఉన్నప్పుడు ఆయన పనితనం పలచబడింది.

ఇక మన సంగతి. మనవాళ్ళకు ‘ఆదిత్య 369’ మీద ప్రత్యేకమైన మోజు. కాలయంత్రం 1526లో, రాయలవారి కాలంలో ఆగుతుంది. మదురైలో విశ్వనాథ నాయకుడి పాలన మొదలైందని చెప్పే 1529కి అది మూడేళ్ళ ముందు. మన తాతలు బయలుదేరిన చోటు చూసినట్టు మురిసిపోతాం. తప్పులేదు. కాని రాయల సభ చూసి ఇంటికొచ్చి పిల్లలతో తమిళంలో మాట్లాడతాం. మనకు బాగా దగ్గరి సినిమా అది కాదనీ, ‘పుష్పక విమానం’ అనీ నా నమ్మకం.

మన ఊళ్ళలో అది ‘పేసుం పడం’ అన్న పేరుతో వచ్చింది. నేను మదురైలో బి.కాం. చదువుతున్నాను. మా అవ్వను తీసుకెళ్ళాను. అవ్వకు తెలుగు చదవడం వచ్చు, తమిళం చదవడం రాదు. నాకు తమిళం చదవడం వచ్చు, తెలుగు అక్షరాలు అప్పటికి రావు. తమిళ సినిమాకు పోతే ప్రతి మాటకూ “ఏమన్నాడ్రా?” అని అడిగేది, ముందు వరుసవాళ్ళు వెనక్కి తిరిగి చూసేవాళ్ళు. ఆ రోజు ఒక్కసారి కూడా అడగలేదు. పైగా నాకే కథ చెప్పింది.

అందులో నిరుద్యోగి గది సినిమాహాలు పక్కన ఉంటుంది. ఆ గోలలోనే రోజూ నిద్ర. తరువాత పెద్ద హోటల్లో మెత్తని పరుపు దొరికినా నిద్రపట్టదు. చివరికి వెళ్ళి ఆ గోలను టేపులో పట్టుకొచ్చి, పెట్టుకుని నిద్రపోతాడు. హాలంతా నవ్వింది. అవ్వ కూడా నవ్వి, “పాపం, వానికి వాని ఇంటి సద్దు లేనిదే నిద్రపట్టదురా” అన్నది.

నేను అక్షరాలు నేర్చుకున్నది ఉద్యోగంలో చేరాక, అవ్వ పోయాక. ఆమె పెట్టెలోని కార్డులు అప్పుడు చదువుకున్నాను. ఆ సినిమా చివర్లో అమ్మాయి కారులోంచి పువ్వుతోపాటు చిరునామా రాసిన కాగితం విసురుతుంది. కాగితం గాలికి ఎగిరి మురిక్కాలవలో పడిపోతుంది. అతని చేతిలో పువ్వు మిగులుతుంది. అప్పట్లో అది ప్రేమకథ ముగింపు అనుకున్నాను. ఇప్పుడు చూస్తే మన ఇళ్ళే కనిపిస్తాయి. ఇంటి సద్దు ఇంకా ఉంది, రాసిన కాగితమే జారిపోయింది.

సింగీతం గారు లేనిదాన్ని చూపి జాలి అడగలేదు. లేదని దాచనూ లేదు. మనం ఆ రెండూ చేస్తున్నాం. సభల్లో జాలి అడుగుతాం, ఇంట్లో దాస్తాం. టీవీ విమర్శకులకు ఆయనలో వైవిధ్యం కనిపించిందంటే సంతోషమే. మనకు మాత్రం ఆ మాట చాలదు. ఈసారి ఇంట్లో ‘పుష్పక విమానం’ పెట్టినప్పుడు మనుమణ్ణి పక్కన కూచోబెట్టుకోండి. కథ వాడికి ఎవరూ చెప్పనక్కరలేదు. సినిమా అయ్యాక ఆ కాగితంలో ఏముండి ఉంటుందో వాణ్ణి తెలుగులో రాయమనండి. రాకపోతే అక్కడినుంచే మొదలుపెట్టండి.