సెకండ్‌హ్యాండ్ రెక్కలు

జైరోప్లేన్ కొనాలని మోజుపడే మనవాళ్లు ఫోన్ చేసి మొదట అడిగేది ధర. తర్వాత, పెట్రోలు ఎంత తాగుతుందని. ఆ తర్వాత కాస్త గొంతు తగ్గించి, గాల్లో ఇంజను ఆగిపోతే ఏమిటి గతి అని. నేను ఎప్పుడూ ఆ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. అది అర్థమైతే ఈ యంత్రంలో దేనికి డబ్బు పెట్టాలో, దేనికి అక్కర్లేదో దానంతటదే తెలిసొస్తుంది.

చూపుకి చిన్న హెలికాప్టర్‌లా ఉంటుంది గానీ, గాల్లో ఉండగా పైన తిరిగే రోటర్‌కీ ఇంజనుకీ సంబంధం ఉండదు. ఇంజను వెనకున్న ప్రొపెల్లర్‌ను తిప్పుతుంది, అది యంత్రాన్ని ముందుకు నెడుతుంది. కిందినుంచి దూసుకొచ్చే గాలి రోటర్‌ను తిప్పుతుంది. తాటాకు ముక్కకు తుమ్మముల్లు గుచ్చి, పట్టుకుని పరుగెత్తితే గిర్రున తిరుగుతుంది చూడండి, అదే సూత్రం. ఇంజను ఆగినా యంత్రం కిందికి దిగుతున్నంతసేపూ గాలి తగులుతూనే ఉంటుంది కాబట్టి రోటర్ తిరుగుతూనే ఉంటుంది. స్పెయిన్ ఇంజనీరు హువాన్ దె లా సియెర్వా తయారుచేసిన ఆటోజైరో 1923 జనవరిలో మాడ్రిడ్ దగ్గర ఎగిరింది ఈ సూత్రం మీదే. అంతకు ముందు ఆయన రూపొందించిన పెద్ద విమానం ఒకటి వేగం తగ్గిపోయి కూలింది. వేగం తగ్గినా కూలనిది కావాలని పట్టుబట్టి దీన్ని సాధించాడు. అలాంటి మనిషి 1936లో లండన్ శివార్లలోని క్రాయ్‌డన్‌లో మామూలు ప్రయాణికుల విమానం కూలి పోయాడని చదివినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

కాబట్టి జైరోప్లేన్‌లో ఇంజను ఆగడం అంత భయపడాల్సిన సంగతి కాదు. భయపడాల్సింది రోటర్ మీద భారం తగ్గిపోవడానికి. గాల్లో ఉండగా స్టిక్‌ను ఒక్కసారిగా ముందుకు తోస్తే రోటర్‌కు గాలి అందదు, తిరిగే వేగం పడిపోతుంది. అదే సమయంలో వెనకున్న ప్రొపెల్లర్ పూర్తి బలంతో నెడుతూ ఉంటే ముక్కు కిందికి బోర్లాపడుతుంది. అక్కణ్ణుంచి తేరుకోవడమంటూ ఉండదు. ప్రొపెల్లర్ నెట్టే రేఖ యంత్రం బరువు కేంద్రం కంటే బాగా పైన ఉన్నా, తోకకు అడ్డరెక్క లేకపోయినా ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. ఇంట్లో కట్టుకునే పాత కిట్లు చాలావాటిలో సరైన అడ్డరెక్క ఉండేది కాదు. మనుషులు పోయాక గానీ ఆ పాఠం వంటబట్టలేదు. అందుకే సెకండ్‌హ్యాండ్ జైరో దగ్గరికి వెళ్లగానే నేను ముందు తోకవైపు నడుస్తాను. రంగు, సీటు, మీటర్లు అన్నీ ఆ తర్వాతే.

అమెరికాలో ఈ కిట్ల సంప్రదాయం ఇగోర్ బెన్సెన్‌తో ఊపందుకుంది. రష్యాలో పుట్టి నార్త్ కరొలైనాలో స్థిరపడిన ఇంజనీరాయన. 1950లలో నక్షాలూ కిట్లూ అమ్మి, మామూలు ఉద్యోగస్తులు ఇంటి గ్యారేజీలో రోటర్‌క్రాఫ్ట్ కట్టుకునేలా చేశాడు. 1962లో వాళ్లందరికీ ఒక సంఘం కూడా పెట్టాడు. ఇక్కడి చట్టం కూడా ఈ ముచ్చటకు చోటిచ్చింది. నేర్చుకోవడానికో సరదాకో మనిషి తన చేతులతో సగానికి పైగా పని చేసి కట్టుకుంటే దాన్ని ఎక్స్‌పెరిమెంటల్ కింద నమోదు చేస్తారు. కట్టినవాడికి రిపేర్‌మన్ సర్టిఫికెట్ ఇస్తారు, ఏటా జరగాల్సిన తనిఖీ తనే చేసుకోవచ్చు. అయితే ఆ సర్టిఫికెట్ యంత్రంతోపాటు చేతులు మారదు. కొన్నవాడు మామూలు మరమ్మతులు తనే చేసుకోవచ్చు గానీ, నేను ఒకటి కొన్న రోజుల్లో ఏటా ఒకసారి లైసెన్సున్న మెకానిక్‌తో తనిఖీ చేయించి సంతకం పెట్టించుకోవాల్సి ఉండేది. కట్టినవాడి పేరు మాత్రం యంత్రానికి బిగించిన ఫలకం మీద అలాగే ఉండిపోతుంది, తర్వాత ఎంతమంది కొన్నా సరే.

నేను కొన్నది ఇండియానాలో ఒక రిటైర్డ్ మెషినిస్టు దగ్గర. ముందూ వెనకా రెండు సీట్లు, పైకప్పు లేనిది, 115 హార్స్‌పవర్ రోటాక్స్ 914 ఇంజను. మోకాళ్లు సహకరించక అమ్మకానికి పెట్టాడు పెద్దాయన. నేను వెళ్లేసరికి యంత్రం మీద గుడ్డ కూడా తీయలేదు, ముందు మూడు లావుపాటి ఫైళ్లు బల్ల మీద పెట్టాడు. కట్టిన రోజుల్లో రాసుకున్న పుస్తకాలవి. ప్రతి పేజీలో తేదీ, చేసిన పని, పట్టిన గంటలు, పక్కన ఫొటో. ఒకచోట పెన్సిల్‌తో, "రంధ్రం పక్కకు పోయింది. ముక్క పారేశాను. రేపు కొత్తది" అని ఉంది. మర్నాటి పేజీలో కొత్త ముక్క ఫొటో. దాన్ని కొనాలని నాకు నిశ్చయమైంది అక్కడే. రంధ్రం పక్కకు పోతే ఇంకాస్త పెద్దది చేసి లావు బోల్టు బిగించేసే మనిషి కూడా ఉంటాడు. అలాంటివాడు ఆ సంగతి పుస్తకంలో రాయడు.

ఆ తర్వాత యంత్రం చూశాం. ప్రతి నట్టు మీదా, దాని పక్కనున్న లోహం మీదా కలిపి నారింజరంగు గీత గీసి ఉంది. నట్టు ఏమాత్రం వదులైనా ఆ గీత విరిగి కనిపిస్తుంది. రోటర్ బ్లేడ్లు దింపి, మధ్య పట్టీకి బిగించే బోల్టు రంధ్రాల చుట్టూ టార్చిలైటూ భూతద్దమూ పట్టుకుని చూశాం. అల్యూమినియం బ్లేడ్లలో వెంట్రుకవాసి పగులు మొదలయ్యేది అలాంటి చోటే. ఇంజను ఆయిల్ చూసే పద్ధతి కూడా ఆ రోజే కళ్లారా చూశాను. ఈ ఇంజను ఆయిల్ విడిగా ఒక డబ్బాలో ఉంటుంది. ఇగ్నిషన్ స్విచ్‌లు ఆపేసి ఉన్నాయని రెండుసార్లు చూసుకుని ప్రొపెల్లర్‌ను చేత్తో నెమ్మదిగా తిప్పుతూ పోతే, కాసేపటికి డబ్బాలోంచి బుడబుడమని శబ్దం వస్తుంది. అప్పుడు పుల్ల ముంచి చూస్తేనే లెక్క సరిగ్గా తెలుస్తుంది. రబ్బరు గొట్టాలు ఎప్పుడు మార్చారని అడిగాను. తయారీదారు చెప్పిన గడువు 5 ఏళ్లు. ఆయన రసీదు తీసి చూపించాడు.

అక్కడికక్కడే బయానా ఇవ్వలేదు. విమానాల రిజిస్ట్రీలో దానిమీద అప్పులేమైనా నమోదై ఉన్నాయేమో వెతికించాక ఇచ్చాను. మనవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి ఇంకొకటుంది. అమెరికాలో విమానాన్ని నేరుగా తన పేరుమీద నమోదు చేయించుకోవాలంటే పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉండాలి. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు ఆ వీలు లేదు. కొనేశాక చూసుకుందామనుకుంటే కుదరదు.

ఇక సామగ్రి. ఇక్కడ చాలామంది డబ్బు పారబోసేది మీటర్లకు బదులు పెట్టే పెద్ద డిజిటల్ తెరల మీద. నేను తెరకు వ్యతిరేకిని కాను గానీ జైరోలో అది చివరి సంగతి. మాది డల్లాస్ శివారు. పెద్ద విమానాశ్రయం చుట్టూ 30 నాటికల్ మైళ్ల వలయంలో ఎగరాలంటే రాడార్‌కు జవాబిచ్చే ట్రాన్స్‌పాండర్, దానితోపాటు 2020 జనవరి నుంచి, యంత్రం ఎక్కడుందో ప్రసారం చేసే ఏడీఎస్-బీ కూడా ఉండాలి. కాబట్టి ముందు అవి పెట్టించాను. తర్వాత, వెనక కూర్చున్నవాళ్ల మాట గాలిహోరులో వినపడేలా మంచి ఇంటర్‌కమ్. ఎదుటివాళ్ల కంటపడేలా మెరిసే లైట్లు. రోటర్ తిరిగే వేగం చూపే మీటరు ఏ మూలో ఉంటే, తల తిప్పకుండా కనపడేలా కళ్లెదుటికి మార్పించాను. నేలమీద దానికి మించిన మీటరు లేదు. ఎగరడానికి ముందు ఇంజను నుంచి కాసేపు బలం తీసుకుని రోటర్‌ను తిప్పుతాం, నిమిషానికి దాదాపు 200 చుట్ల దాకా. అది చాలినంత తిరగకముందే యంత్రాన్ని రన్‌వే మీద వేగంగా ఉరికిస్తే, బ్లేళ్లు పైకీ కిందికీ కొట్టుకుని తోకనూ ప్రొపెల్లర్‌నూ నరికేస్తాయి. జైరోలు నేలమీదే ముక్కలవడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

ఏ వస్తువు చేర్చినా తూచి చేర్చాలి, కాగితం మీద రాయాలి. బరువు మారితే బరువు కేంద్రం మారుతుంది. ప్రొపెల్లరో రోటరో మరో రకానిది వేస్తే అది పెద్ద మార్పు కిందికి వస్తుంది. మళ్లీ కొన్ని గంటలు ప్రయాణికులు లేకుండా ఎగిరి పరీక్షించుకోవాలి. నేను పెట్టిన వాటన్నిటిలోకీ చవకైనది ముక్కు మీద టేపుతో అంటించిన ఎర్ర ఊలుదారం. యంత్రం ఏ కాస్త వాలుగా పోతున్నా దారం పక్కకు తిరుగుతుంది, పాదం కదిపి సరిచేస్తాం. వేల డాలర్ల పరికరం కూడా ఆ విషయాన్ని అంతకంటే సూటిగా చెప్పలేదు.

నన్ను ఎక్కువకాలం పట్టుకున్న పని మాత్రం స్టిక్ వణుకు. రెండు బ్లేళ్ల రోటర్‌లో కొంత వణుకు సహజం. కానీ చుట్టుకు ఒకసారి వచ్చే కుదుపు, బ్లేళ్లు సరిగా పొందిక కుదరలేదని చెబుతుంది. హ్యాంగర్‌లో రోటర్‌ను బల్లల మీద సమంగా పరిచి, ఒక బ్లేడు కొసన ఉన్న గుర్తు నుంచి రెండో బ్లేడు కొసన ఉన్న గుర్తు దాకా సన్నటి దారం బిగించి లాగుతాం. ఆ దారం నడిమి బోల్టు కేంద్రం మీదుగా పోవాలి. మాది పిసరంత ఎడంగా పోయింది. బోల్టులు వదులుచేసి, బ్లేడును గోటితో నెట్టినంత నెట్టి, మళ్లీ టార్క్ రెంచితో బిగించి, దారం లాగి చూసి, ఎగిరి వచ్చి, మళ్లీ విప్పి... ఓపికున్నవాళ్లకు ఇంతకంటే తృప్తినిచ్చే పని లేదనిపిస్తుంది నాకు. ఒక చల్లని ఉదయం పైకి వెళ్లాక, చేతిలో స్టిక్ ఉందో లేదో అన్నంత నిమ్మళంగా నిలిచింది.

ఇంత చేసినదాన్ని అమ్మడమెందుకంటే, ఉద్యోగం రీత్యా ఊరు మారాల్సి వచ్చింది. అక్కడ దగ్గర్లో హ్యాంగర్ లేదు. ఎగరని రోటర్‌క్రాఫ్ట్‌ను అట్టేపెట్టుకోవడం దానికీ మంచిది కాదు. గొట్టాలు గట్టిపడతాయి, కార్బురేటర్లలో పెట్రోలు జిగురవుతుంది.

అమ్మడం కొనడం కంటే కష్టం. రేపేదైనా జరిగితే దావా తమ మీదికి వస్తుందన్న భయంతో ఇంజను విడిగా అమ్మేసి, ఫ్రేమును కోసి పారేసే కట్టుబడిదారులు ఉన్నారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. అయినా, బాగున్న యంత్రాన్ని చంపడం నాకు సమ్మతం కాదు. కొనేవాణ్ణి ఎంచుకోవడమే సరైన దారి.

మొదట వచ్చినాయన అడిగినంతా ఇస్తానన్నాడు. విమానాలు నడిపిన అనుభవం చాలా ఉంది. ట్రెయిలర్ కూడా తెచ్చుకున్నాడు. జైరో ఎవరి దగ్గర నేర్చుకున్నారని అడిగాను. "సెస్నా ఇన్నేళ్లు నడిపాను, దీనికి వేరే పాఠాలెందుకు? పొలంలో నాలుగుసార్లు గెంతితే వచ్చేస్తుంది" అన్నాడు. నేను అమ్మనని చెప్పాను. ఆయనకు కోపం వచ్చింది. ఆయన పొరపడుతున్నది సరిగ్గా ఆ అనుభవం దగ్గరే. విమానంలో వేగం తగ్గిందనిపిస్తే, ముక్కు పైకి లేస్తే, చెయ్యి ఆలోచించకుండా స్టిక్‌ను ముందుకు తోస్తుంది. అక్కడ ప్రాణం నిలిపే అలవాటది. జైరోలో అదే ప్రాణం తీస్తుంది. ఇక్కడ ముందు పవర్ తగ్గించాలి, స్టిక్‌ను తోయకూడదు. ఏళ్లతరబడి చేతికి పట్టిన అలవాటును పక్కన ఇన్‌స్ట్రక్టర్ లేకుండా ఎవరూ మార్చుకోలేరు. మా మాటలు విన్న ఒక మిత్రుడు, డబ్బు ఇస్తానంటే కాదనడం నీకెందుకు, అతని ప్రాణం అతనిష్టం అన్నాడు. దానికి రెండో సీటు ఉంది కదా అన్నాను.

చివరికి ఓక్లహోమాలో పనిచేసే ఒక నర్సుకు అమ్మాను. ఆవిడ వచ్చేనాటికే శిక్షణ మొదలుపెట్టింది. స్పోర్ట్ పైలట్ లైసెన్సుకు కనీసం 20 గంటలు, అందులో 15 ఇన్‌స్ట్రక్టర్‌తో. ఆవిడ కనీసం దగ్గర ఆగే రకం కాదు. తనవెంట మెకానిక్‌ను తెచ్చుకుంది. అతను నేను వేసిన ప్రతి తీగా లాగి చూశాడు, నాకు చాలా నచ్చింది. పెద్దాయన మూడు ఫైళ్లతోపాటు నేను రాసిన నాలుగోదీ ఇచ్చాను. అందులో స్టిక్ వణుకు గురించి, ఎన్ని పిసర్లు జరిపామో, ఏ రోజు ఎలా ఉందో అంతా ఉంది. బ్లేళ్లు విప్పి వాటి పెట్టెలో విడిగా పంపాను. మళ్లీ బిగించేది ఆవిడ ఇన్‌స్ట్రక్టర్ సమక్షంలోనే అని మాట తీసుకున్నాను. అడిగిన ధరలో కొంత తగ్గించాను కూడా. ఆ సొమ్ము పాఠాలకు పనికొస్తుంది. అమ్మకం కాగితం, దరఖాస్తు, 5 డాలర్ల రుసుము ఆవిడ ఓక్లహోమా సిటీలోని రిజిస్ట్రీకి పంపింది. నా పాత రిజిస్ట్రేషన్ వెనక వివరాలు నింపి నేనూ పంపేశాను.

ఈ ముచ్చట ఉన్న తెలుగు మిత్రులకు ఒక విన్నపం. బయానా ఇవ్వడానికి ముందు జైరో ఇన్‌స్ట్రక్టర్ దగ్గర ఒక గంట ఎగరండి. అలాంటివాళ్లు ఈ దేశంలో తక్కువే, దూరం వెళ్లాల్సి రావచ్చు, వెళ్లండి. యంత్రం చూడబోయే రోజున దాన్ని కట్టినప్పుడు రాసిన పుస్తకం ముందు అడగండి. పుస్తకం లేదంటే, ధర ఎంత చవకైనా వచ్చేయండి. ఇక అమ్మేవాళ్లయితే, డబ్బు చేతిలో పడేముందు కొనేవారి ఇన్‌స్ట్రక్టర్ పేరు అడిగి, ఆయనకు మీరే ఒకసారి ఫోన్ చేయండి.